మూడు ఊళ్లు, ఆరు పేర్లు: సరిహద్దు జిల్లాల్లో వార్తను ఎలా చదవాలి

2021 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సాలూరు మండలం పేరిట మూడు పంచాయతీలకు ఎన్నికలు జరిపింది. తెలుగు పేపర్లు ఆ ఊళ్లను గంజాయిభద్ర, పట్టుచెన్నూరు, పగులుచెన్నూరు అని రాశాయి. అదే వారంలో ఒడియా పేపర్లు కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకులోని గంజేయ్‌పదర్, ఫటుసినేరి, ఫగుణసినేరి అనే ఊళ్లలో పొరుగు రాష్ట్రం ఎన్నికలు పెట్టిందని రాశాయి. రెండు లిపులూ కూడబలుక్కోగలిగిన పర్లాకిమిడి మనిషికి కూడా, పక్కపక్కన పెట్టుకుని చూస్తే తప్ప, ఇవి ఆరు ఊళ్లనిపిస్తాయి. నేల మీద ఉన్నవి మూడే, రెండు రాష్ట్రాలూ తమవేనంటున్న కొటియా ఊళ్ల గుంపులోవి.

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటూ ఉదయం తెలుగు పేపరు, సాయంత్రం ఒడియా టీవీ చూసేవారి కోసం ఈ పద్ధతి రాస్తున్నాను. వార్తలు మనుషులను రాజకీయంగా ఎలా చీలుస్తాయన్నది ఎక్కడైనా అడగదగిన ప్రశ్నే. మన దగ్గర మాత్రం పార్టీల చీలిక మీద రాష్ట్రాల చీలిక కూడా పరుచుకుని ఉంటుంది కాబట్టి, ఒక్కో పొరను విడిగా తీసి చూడడం నేర్చుకోవాలి. దీనికి పత్రికలు వాడుతున్న ‘ధ్రువీకరణ’ అనే మాటను నేను వాడను. తహసీల్దారు ఇచ్చే ధ్రువీకరణ పత్రంతో అది కలిసిపోయి అర్థాన్ని చెడగొడుతుంది. ‘చీలిక’ అంటే చాలు.

ముందు పేర్లు, తర్వాత క్రియలు

ఒక చిన్న నోటుపుస్తకం తీసుకుని పేజీకి నిలువుగా గీత గీయండి. వివాదం ఉన్న ఏ వార్తనైనా ఎడమ వైపు తెలుగు పేపరు ప్రకారం, కుడి వైపు ఒడియా పేపరు ప్రకారం రాయండి. వ్యాఖ్య వద్దు, మూడు సంగతులు చాలు: ఊరి పేరు, ఆ ఊరిని ఏ మండలానికో బ్లాకుకో చేర్చి చెప్పారన్నది, ప్రధాన క్రియ. ఒడియా చదవడం రానివారు ఇంట్లో ఒడియా బడికి వెళ్లే పిల్లల చేత చదివించుకోవచ్చు. వాళ్లకు ఇది బాగానే నచ్చుతుంది, ఎందుకంటే పెద్దవాళ్లు తమను ఏదైనా అడగడం అరుదు.

పేరు ఎందుకు ముందు? ‘సాలూరు మండలం పట్టుచెన్నూరు’ అని రాయడంతోనే ఆ ఊరు ఎవరిదన్న తీర్పు ఇచ్చేసినట్టు. ‘పొట్టంగి బ్లాకు ఫటుసినేరి’ అన్నా అంతే. వాక్యం మొదలయ్యేలోపే తగవు తేలిపోయింది, చదువరికి తాను ఒక పక్షం తీసుకున్నట్టు కూడా తెలియదు. విలేకరి కావాలని చేసిన మోసమేమీ కాదు. ఏ కలెక్టరేటు నుంచి ప్రకటన వస్తే అక్కడి పేరే రాస్తాడు. అయితే ఏళ్ల తరబడి రోజూ ఒకే పేరు చదివిన మనిషికి రెండో పేరు తప్పుగా, తర్వాత అవమానంగా వినిపించడం మొదలవుతుంది.

క్రియల సంగతి చూడండి. ఇవి నేను నమూనాగా కూర్చిన శీర్షికలు, ఏ పత్రికవీ కావు. ఎడమ వైపు: ‘కొటియాలో ఒడిశా అధికారుల దౌర్జన్యం, సంక్షేమ పథకాలకు అడ్డు’. కుడి వైపు: ‘కొటియాలోకి ఆంధ్ర చొరబాటు, పథకాల ఎర’. ఇప్పుడు దౌర్జన్యం, అడ్డు, చొరబాటు, ఎర అన్న నాలుగు మాటలనూ కొట్టేసి మిగిలినదానితో ఒక వాక్యం రాయండి. ఇలా తేలుతుంది: ఒక రాష్ట్రం అధికారులు ఊరికి వచ్చారు, రెండో రాష్ట్రం అధికారులు ఆపారు, కొంతసేపు మాటలు జరిగాయి, వచ్చినవారు వెనుదిరిగారు. ఈ వాక్యం మీద రెండు పేపర్లకూ పేచీ లేదు. ఆ మధ్యగీత మీద ఈ వాక్యాన్ని రాసుకోండి. పది రోజులు ఇలా చేస్తే ఏ పేపరుకు ఏ మాటలు ఊతపదాలో మీకు కంఠతా వచ్చేస్తుంది.

పేజీలో ఇంకో ఖాళీ కూడా కనిపిస్తుంది. ఆ ఊరివాళ్ల మాట దాదాపుగా ఎక్కడా ఉండదు, ఉన్నా చేతిలో కార్డో జెండాయో పట్టుకున్న ఫొటోకు వ్యాఖ్యగానే ఉంటుంది. ఈ ఊళ్లలో ఎక్కువమంది ఆదివాసులు. వారిలో చాలామంది ఇంట్లో మాట్లాడే మాట తెలుగూ కాదు, ఒడియా కూడా కాదు. చాలామంది దగ్గర రెండు రాష్ట్రాల ఓటరు కార్డులూ, రేషను కార్డులూ ఉన్నాయి. 2024 మే 13న ఆంధ్రప్రదేశ్ అంతటా, కొరాపుట్, బరంపురం లోక్‌సభ స్థానాల్లో ఒకే రోజున పోలింగ్ జరిగింది. రెండు కార్డులున్న మనిషి ఆ రోజు ఏమాలోచించాడో తెలుసుకోవాలంటే ‘తెలుగు గ్రామాలు’, ‘ఒడియా గ్రామాలు’ అనే మాటలు అడ్డమే. అలా పిలిచే వార్త వారి గురించి కాక మన గురించి రాసినదని గుర్తు పెట్టుకోండి.

తగవు వయసు కనుక్కోండి

రోజువారీ వార్తకు నిన్నటి కంటే వెనక్కి చూసే అలవాటు తక్కువ, అందువల్ల ప్రతి గొడవా ఈ ప్రభుత్వం వల్లనే పుట్టినట్టు కనిపిస్తుంది. కొటియాలోని 21 ఊళ్ల మీద ఒడిశా 1968లోనే సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి కొనసాగించాలని కోర్టు చెప్పింది. 2006లో కేసు ముగిసింది గాని తగవు తీరలేదు. 2021 ఎన్నికలప్పుడు ఒడిశా మళ్లీ అదే కోర్టులో ధిక్కార పిటిషను వేసింది. ఈ నాలుగు వాక్యాలనూ నోటుపుస్తకం అట్ట లోపలి వైపు రాసుకుంటే, ‘ఫలానా ముఖ్యమంత్రి చేతకానితనం వల్లే’ అని మొదలయ్యే కథనం ఎదురైనప్పుడు, ఆ అర్ధ శతాబ్దంలో రెండు వైపులా ఎన్ని పార్టీలు గద్దెనెక్కి దిగాయో లెక్క వేసుకోవచ్చు.

పార్టీల పొర బయటపడేది ఇక్కడే. తెలుగు పేపరులో సరిహద్దు గొడవ వచ్చినప్పుడు అసలు వాదం చాలాసార్లు ఒడిశాతో కాదు, ‘మన ప్రభుత్వం పట్టించుకోలేదు’ అన్నదాని మీద. ఒడియా పేపరులోనూ అంతే: ‘మన ప్రభుత్వం భూమిని వదిలేసింది’. పొరుగు రాష్ట్రం ఇంటి తగవులో వాడుకునే కర్ర. కాబట్టి పేజీ అడుగున ఒక ప్రశ్న రాయండి: ఈ కథనం చదివాక నాకు ఎవరి మీద కోపం రావాలని రాసినవారు కోరుకుంటున్నారు? జవాబు పొరుగువాడు కాకుండా మన సొంత రాష్ట్రంలోని ఒక పార్టీ అని తేలితే, అది సరిహద్దు వార్త కాదు, ఎన్నికల వార్త.

ఆ ప్రశ్నకు జవాబు దొరకాలంటే పేపరు ఎవరిదో తెలియాలి. చివరి పేజీ అడుగున సన్న అక్షరాల్లో ముద్రాపకుడు, ప్రచురణకర్త, సంపాదకుడి పేర్లు ఉంటాయి. ఏళ్ల తరబడి పత్రికలు మార్చి మొదట్లో యాజమాన్య వివరాలను ఫారం 4 పేరిట అచ్చు వేస్తూ వచ్చాయి. ప్రకటనల పేజీలో నక్కి ఉండే ఆ పెట్టెను కత్తిరించి దాచుకోండి. మిగిలినది దాచిన రహస్యమేమీ కాదు. ‘సాక్షి’ 2008లో వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి ప్రారంభించిన పత్రిక. 1983 ఎన్నికల్లో ఎన్.టి. రామారావుకు ‘ఈనాడు’ ఇచ్చిన అండ తెలుగువారందరికీ తెలుసు. ఒడియాలో ‘సంబాద్’ వ్యవస్థాపకులు సౌమ్యరంజన్ పట్నాయక్ 2019లో బిజూ జనతాదళ్ తరఫున శాసనసభకు గెలిచారు. ఒడియా వార్తా చానలు ఓటీవీ బైజయంత్ పండా కుటుంబానిది, ఆయన బిజూ జనతాదళ్ విడిచి 2019లో బీజేపీలో చేరారు. తమాషా ఏమిటంటే, శ్రీకాకుళం పత్రికల మొగ్గు ఎటో టీ బడ్డీ దగ్గర లెక్కగట్టి చెప్పే మనవాళ్లే ఒడియా చానళ్ల యాజమాన్యం దగ్గరకు వచ్చేసరికి తెల్లమొహం వేస్తారు. రెండో భాషలో చదివేటప్పుడు అనుమానం మొద్దుబారుతుంది, లేదా అంతా అబద్ధమేనని కొట్టిపారేస్తాం. రెండూ ప్రమాదమే.

వారం రోజులు లెక్కపెట్టండి

అమెరికాలోని చాపెల్ హిల్ ఓటర్లను 1968లో ప్రశ్నించి మాక్స్‌వెల్ మెకోంబ్స్, డొనాల్డ్ షా 1972లో ప్రచురించిన పరిశీలన ఒక సాదా సంగతిని తేల్చింది: ఏ సమస్యలకు వార్తల్లో ఎక్కువ చోటు దక్కిందో, ఓటర్లు కూడా వాటినే ముఖ్యమైనవిగా చెప్పారు. మనం దేన్ని గురించి ఆలోచించాలో నిర్ణయించే శక్తి వార్తకు ఉంది. ఎలా ఆలోచించాలన్నది ఆ తర్వాతి మాట.

దీన్ని మీ ఇంట్లోనే పరీక్షించవచ్చు. వారం పాటు రెండు పేపర్లలోనూ సరిహద్దు ఊళ్ల వార్తలు ఏ సందర్భంలో వచ్చాయో గుర్తు పెట్టండి. అధికారులు ఎదురుబొదురు నిలబడ్డ రోజున, మంత్రి వచ్చిన రోజున, జెండా ఎగరేసిన రోజున వార్త ఉంటుంది. నీళ్ల పంపు పాడైన రోజున, అంబులెన్సు రాని రోజున చాలావరకు ఉండదు. అందువల్ల వంద మైళ్ల అవతల బరంపురంలో కూర్చుని చదివేవారికి అదెప్పుడూ రణరంగమే. నిజం చెప్పాలంటే పర్లాకిమిడిలో ఉన్న మనకూ కొటియా వార్తల ద్వారానే తెలుసు. సరిహద్దులో ఉన్నామన్న ధీమాతో చూసినట్టే మాట్లాడతాం.

తీర్పు వార్తను గెలుపోటముల మాటలు తీసేసి చదవండి

వంశధార దీనికి మంచి పాఠం. రెండు రాష్ట్రాల మధ్య నీటి తగవు మీద కేంద్రం 2010లో ట్రిబ్యునల్ వేసింది, 2017 సెప్టెంబరు 13న అది తీర్పు ఇచ్చింది, వివరణలు కోరిన మీదట 2021 జూన్‌లో తుది నిర్ణయం చెప్పింది. ఏ వైపు పేపరు చదివినా మొదటి రోజున కనిపించేది విజయమో అన్యాయమో అనే మాటే. అలాంటి రోజున ఇలా చేయండి. పేజీలో మూడు గడులు గీసి, ‘ఇటువైపుకు దక్కింది’, ‘అటువైపుకు దక్కింది’, ‘షరతు’ అని రాయండి. వార్తలోని ఒక్కో వాక్యాన్ని ఒక గడిలో వేయండి. ఏ గడిలోనూ ఇమడని వాక్యం అభిప్రాయం, దాన్ని వదిలేయండి.

వంశధార విషయంలో అలా వేస్తే తేలేది ఇది. నేరడి దగ్గర బ్యారేజీ కట్టుకోవడానికి ఆంధ్రప్రదేశ్‌కు అనుమతి దొరికింది. అందుకు ఒడిశా 106 ఎకరాలు అప్పగించాలి. నీళ్లు మాత్రం 1962 నాటి ఒప్పందం ప్రకారం సగం సగం, అంటే బ్యారేజీ ఎవరు కట్టినా వాటా మారదు. ఈ మూడో సంగతి మొదటి పేజీలో ఎక్కడుందో వెతకండి. సగం సగం అన్నది కోపం తెప్పించదు కాబట్టి అది శీర్షికకు పనికిరాదు, లోపలి పేజీలో చివరి పేరాకు జారిపోతుంది. నేనైతే ఏ నీటి తగవు వార్తనైనా చివరి పేరా నుంచి పైకి చదువుతాను. ఒడిశా ఆ నిర్ణయం మీద సుప్రీంకోర్టుకు వెళ్లింది కాబట్టి ఈ గడులు మళ్లీ నింపాల్సిన రోజు వస్తుంది. పేజీ చింపకండి.

టీవీ దగ్గర

సాయంత్రం డిబేటును వార్తగా లెక్కపెట్టకండి. చూడవద్దని చెప్పను, చెప్పినా మా ఇంట్లోనే ఎవరూ వినరు. అరగంట చూశాక టీవీ ఆపి, అంతకు ముందు తెలియని సంగతి ఒకటైనా రాయగలరేమో చూసుకోండి. రాయలేకపోతే ఆ అరగంట వినోదం కింద జమ.

ఒక చానలు వల్ల అంత తేడా ఏముంటుందని తేలిగ్గా తీసుకోవడమూ తగదు. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ చానలు 1996 అక్టోబరులో మొదలై, 2000 నాటికి కొన్ని ఊళ్ల కేబుల్లో వస్తూ, కొన్నింటిలో రాకుండా ఉంది. ఆ తేడాను పట్టుకుని స్టెఫానో డెల్లావిగ్నా, ఈథన్ కాప్లాన్ 2007లో ప్రచురించిన లెక్క ప్రకారం, చానలు వచ్చిన ఊళ్లలో రిపబ్లికన్ ఓటు 0.4 నుంచి 0.7 శాతం పాయింట్ల దాకా పెరిగింది. వినడానికి చిన్నదే. ఆ ఏడాది అధ్యక్ష పదవిని నిర్ణయించిన ఫ్లోరిడాలో అధికారిక తేడా 537 ఓట్లు.

అవతలి వైపు ఎలా చూడాలి

‘రెండు వైపులా వినండి’ అని పెద్దలు చెప్పే మాట సగమే నిజం. 2018లో ప్రచురించిన పరిశీలన కోసం క్రిస్టఫర్ బెయిల్ బృందం అమెరికాలో ట్విట్టర్ వాడేవారికి డబ్బిచ్చి, నెల రోజులు ఎదుటి పక్షం నాయకుల, వ్యాఖ్యాతల మాటలు వినిపించింది. రిపబ్లికన్లు మెత్తబడలేదు, ఇంకా గట్టిపడ్డారు. 2020 సెప్టెంబరులో డేవిడ్ బ్రూక్‌మన్, జాషువా కల్లా ఫాక్స్ ప్రేక్షకులకు గంటకు 15 డాలర్లు ఇచ్చి నెల పాటు ఎదుటి వైపు మొగ్గున్న సీఎన్ఎన్ చానలు చూపించారు. వారికి అంతకు ముందు తెలియని సంగతులు తెలిశాయి, కొన్ని అభిప్రాయాలు కదిలాయి. డబ్బు ఆగాక చాలామంది పాత చానలుకే వెళ్లిపోయారు, మార్పు కరిగిపోయింది.

రెండింటినీ కలిపి మన వాడకానికి నేను తీసుకున్నది ఇది: అవతలి వైపు నాయకుడి ప్రసంగం వినకండి, అవతలి వైపు జిల్లా పేజీ చదవండి. ప్రసంగం మిమ్మల్ని తిట్టడానికే తయారైంది. జిల్లా పేజీలో వరి కొనుగోలు కేంద్రం దగ్గర బస్తాలు పేరుకుపోయిన సంగతీ, ఏనుగులు తోట తొక్కిన సంగతీ ఉంటాయి. మహేంద్రతనయ నదికి ఇటు ఉన్న రైతుకూ, అటు పాతపట్నం రైతుకూ అవి ఒకటే కష్టాలు. కాలిఫోర్నియాలోని పామ్ స్ప్రింగ్స్‌లో ‘డెజర్ట్ సన్’ అనే పత్రిక 2019 జూలై నెలంతా తన అభిప్రాయాల పేజీలో జాతీయ రాజకీయాలు మాని ఊరి సంగతులే వేసింది. జాషువా డార్, మాథ్యూ హిట్, జొహానా డనవే దాన్ని మరో ఊరితో పోల్చి చూసి, ఆ నెలలో అక్కడ చీలిక పెరిగే వేగం తగ్గిందన్నారు. మన తెలుగు జిల్లా పేజీలకు ఆ గుణం ఉంది గాని, శ్రీకాకుళం ఎడిషను రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగిపోతుంది, ఒడియా పేపరుకు తెలుగు వీధుల సంగతి పట్టదు. ఇద్దరి మధ్యా మన వార్త జారిపోతుంది. 1936లో ఒడిశా ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు గిడుగు రామమూర్తి ఊరు విడిచి రాజమండ్రి వెళ్లిపోయారు. ఉండిపోయినవారి మనుమలం మనం, కాబట్టి రెండు జిల్లా పేజీలూ చదవక తప్పదు.

ఫోన్లో వచ్చినదాన్ని

వీడియో అందగానే తేదీ వెతకండి. తేదీ లేకపోతే నేల చూడండి. ఒకసారి జూన్ నెలలో, రెండు రాష్ట్రాల పోలీసులు వాదించుకుంటున్న ముక్క ఒకటి మా చుట్టాల గ్రూపులోకి వస్తే, ‘ఈ రోజే జరిగింది’ అని నేనే ముందుకు పంపాను. పాతపట్నంలో ఉన్న మా బావ దానికి ఘాటుగా జవాబిచ్చాడు, నేనూ తగ్గలేదు, రెండు నెలలు మాటల్లేవు. తర్వాత మా అక్క ఆ వీడియోను మళ్లీ చూసి, వెనకాల పొలంలో వరి కుప్పలున్నాయి కదరా, జూన్‌లో కుప్పలేమిటి అంది. అంతకు ముందెప్పుడో పంట నూర్చే రోజుల్లో తీసినది. మేమిద్దరం పోలీసుల చేతులనే చూశాం.

అప్పటి నుంచి నాకు నేను పెట్టుకున్న నియమం ఒక రాత్రి ఆగడం. మరునాడు ఏ ఒక్క జిల్లా పేజీలోనూ రాకపోతే ఆ వీడియో నా ఫోనుతోనే ఆగిపోతుంది. గ్రూపులో పెద్దవారు పంపినదాన్ని అందరి ముందూ ‘ఇది అబద్ధం’ అనకండి. విడిగా ఫోను చేసి, ‘మావయ్యా, ఇది ఎప్పటిదో మీకేమైనా తెలుసా’ అని అడగండి. తప్పుపట్టినట్టు ఉండదు, ఆయనే వెనక్కి తీసుకునే వీలుంటుంది.

తప్పు కనబడితే

పేపరులో సంగతి తప్పని మీ దగ్గర ఆధారం ఉంటే ముందు సంపాదకుడికి ఉత్తరం రాయండి. సరిదిద్దకపోతే, దినపత్రిక విషయంలో ప్రచురించిన రెండు నెలల లోపు ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. సంపాదకుడికి రాసిన ఉత్తరం నకలు, కత్తిరింపు జతచేయాలి. ఎన్నికల రోజుల్లో డబ్బిచ్చి వేయించిన వార్త అనిపిస్తే, జిల్లా స్థాయిలో ఎన్నికల సంఘం ఏర్పాటు చేసే మీడియా ధ్రువీకరణ, పర్యవేక్షణ కమిటీకి తెలపాలి. (ఇక్కడ ‘ధ్రువీకరణ’ సరైన మాటే.) నాయకుడిని పొగిడే ఒకే కథనం రెండు పేపర్లలో అక్షరం మారకుండా వస్తే, రెండింటినీ పక్కపక్కన అంటించి పంపండి, వేరే వాదన అక్కర్లేదు.

ఏ ఉత్తరంలోనైనా ఊరి పేరు రెండు రూపాల్లోనూ రాయండి, పట్టుచెన్నూరు అనీ, ఫటుసినేరి అనీ, పక్కన మండలమూ బ్లాకూ కూడా. ఒక్క పేరే రాస్తే, అందుకున్న గుమాస్తా ‘ఇది మన వైపు ఊరు కాదు’ అని పక్క కట్టలో పెట్టేస్తాడు.